ఉప్పెక్కిన బోరు

పాలకొల్లులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే హెలెన్‌ని తోటి లెక్చరర్లు చాటుగా సబ్బు మేడం అనేవారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నవ్వి ఊరుకునేది. అనడంలో అబద్ధమేమీ లేదు మరి. విశాఖపట్నంలో పరిశోధన చేసిన ఏళ్ళన్నీ ఆమె సర్ఫెక్టెంట్ల మీదే గడిపింది. సర్ఫెక్టెంటంటే సబ్బు జాతి రసాయనం. దాని అణువుకి ఒక తలా ఒక తోకా ఉంటాయి. తల నీళ్ళని కోరుకుంటుంది, తోక నీళ్ళని చూస్తే ముడుచుకుంటుంది. అందుకని నీళ్ళలో పడగానే అవి తోకలన్నీ లోపలికి పెట్టి, తలలు బయటికి పెట్టి గుంపులు కట్టుకుంటాయి. ఆ గుంపుల సాయంతో, కంటికి కనపడనంత కొద్దిగా ఉన్న లోహాన్ని కూడా నీళ్ళలోంచి ఎలా పట్టుకోవాలన్నదే హెలెన్ చదువు.

తండ్రి వీరాస్వామి జీవితమంతా ఇంకొకళ్ళ వరిచేలలోనే పనిచేశాడు. లూథరన్ చర్చిలో పెద్దగా ఉండేవాడు. కూతురు ఎమ్మెస్సీలో ఉండగానే పోయాడు. తల్లి ఏసమ్మ ఇప్పుడు హెలెన్ దగ్గరే ఉంటోంది. భర్త సుకుమార్ పెనుగొండలో హైస్కూలు మాస్టారు. పరిశోధన అయ్యాక పెద్ద ఊళ్ళలో ఉద్యోగం కోసం హెలెన్ కొన్నాళ్ళు తిరిగింది గాని దొరకలేదు. దొరకనందుకు బాధపడటం కూడా ఎప్పుడో మానేసింది. కాలేజీ ల్యాబులో ఒక మూల బల్ల, నీళ్ళ రంగు చిక్కదనం కొలిచే పాత మీటరు ఒకటి, గాజు గొట్టాలూ ఆమె చేతికొచ్చాయి. అది చాలనుకుంది.

ఆమెని గోగులవారిపాలెం దారి పట్టించింది అప్పాయమ్మ. ఆ ఊరి బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండిపెట్టే మనిషి. చర్చి స్త్రీల కూటమిలో పరిచయం. ఒక కూటమి అయిపోయి అందరూ చెప్పులేసుకుంటుంటే ఆవిడ హెలెన్‌ని పక్కకి పిలిచి అడిగింది. బడి వెనకాల ఒక షెడ్డు ఉండేది. బయటి ఊళ్ళనుంచెవరో వచ్చి మోటారుసైకిళ్ళ హ్యాండిళ్ళకీ కుర్చీ కాళ్ళకీ మెరుగు పూత పూసేవాళ్ళు. ఏడాది కిందట మూసేసి పోయారు. పారబోసిన నీళ్ళ గుంట మాత్రం అలాగే ఉండిపోయింది. వానాకాలం దాని చుట్టూ గడ్డి కూడా మొలవలేదు.

"పసుపు కలిపినట్టుంటాయండి ఆ నీళ్ళు. పక్కనే బడి బోరు. మా పేటంతా దాంట్లోవే పట్టుకుంటాం. అయ్యి ఇందులోకి రావంటారా మేడంగారూ?"

పూత, పసుపు రంగు అన్న రెండు మాటలు వినేసరికే హెలెన్‌కి క్రోమియం అనిపించింది. అందులోనూ చెడ్డ రకం. నీళ్ళలో ఇట్టే కరిగిపోయి, మట్టిలో ఎక్కడా ఆగకుండా నీరు ఎటు పోతే అటు పోయే రకం. ఏళ్ళ తరబడి తాగితే కాలేయం పాడవుతుంది, క్యాన్సర్ భయం ఉంటుంది.

మర్నాడే వెళ్ళి బోరు నీళ్ళు తెచ్చింది. మామూలు పరీక్షలో ఏమీ కనపడలేదు. ఆమె అనుమానం తీరలేదు. ఆ నీళ్ళలో క్రోమియాన్ని రంగుగా మార్చే మందు వేసి, సర్ఫెక్టెంటు కలిపి మెల్లగా వెచ్చబెట్టింది. ఒక వేడి దగ్గరకొచ్చేసరికి గొట్టంలో నీళ్ళు కుడితిలా తెల్లబడ్డాయి. గుంపులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని అడుక్కి దిగాయి. చివరికి గొట్టం అడుగున తేనెబొట్టంత చిక్కటి చుక్క మిగిలింది. సీసాడు నీళ్ళలో చెదిరిపోయి దాక్కున్నదంతా ఆ చుక్కలో పోగైంది. చుక్క లేత ఊదారంగులో ఉంది.

అది ప్రమాదపు గీతకి ఇంకా చాలా కిందే. కాని తర్వాతి నెల తెచ్చిన నీళ్ళలో రంగు కాస్త ముదిరింది. ఆ పై నెల ఇంకాస్త. గుంటలోంచి విషం బడి వైపు నడిచి వస్తోందన్నమాట.

ఆ షెడ్డు స్థలం జగన్నాథరావుది. ఊళ్ళో పెద్ద రైతు, ఆయన భార్యే సర్పంచి. హెలెన్ వెళ్తే కుర్చీ వేయించి, కొబ్బరినీళ్ళు ఇప్పించి, అన్నీ విన్నాడు. గుంట తవ్వించాలంటే పై నుంచి అనుమతులు కావాలన్నాడు, చూద్దామన్నాడు. ఈలోగా పేటవాళ్ళు మంచినీళ్ళ క్యాన్లు కొనుక్కోవచ్చుగా అని కూడా అన్నాడు. తాగడానికైతే కొందరు కొంటున్నారు గాని బియ్యం కడగడం, కూర వండటం, పసిపిల్లలకి పాలు కలపడం అన్నీ బోరు నీళ్ళతోనేనని హెలెన్ చెప్పింది. పంచాయతీ చెరువు నుంచి పేటకి ఇంకా గొట్టం వెయ్యలేదు. అప్పుడామె తన ఆలోచన బయటపెట్టింది. బోరు దగ్గర తనే ఒక ఫిల్టర్ కడతానంది. జగన్నాథరావు డ్రమ్ములు కొనిస్తానన్నాడు. ఊరి పేరు పేపర్లో పడకుండా చూసుకోమని మాత్రం మెత్తగా చెప్పాడు. హెలెన్‌కి అప్పుడు కావలసింది ఫిల్టర్. సరేనంది.

మిల్లు నుంచి ఊక తెచ్చి, కడిగి, ఆరబెట్టి, సర్ఫెక్టెంటు కలిపిన నీళ్ళలో నానబెట్టింది. ఆ అణువులు ఊక ఒంటి మీద బారులు తీరి అతుక్కుంటాయి. అటుగా క్రోమియం వస్తే వాటికి అంటుకుని ఉండిపోతుంది. కాలేజీ పాఠాల్లో దీన్నే అధిశోషణం అంటారు. అంటే స్పాంజిలా లోపలికి పీల్చుకోవడం కాదు, గోడకి సున్నం పట్టినట్టు ఒంటి మీద పట్టుకోవడం. నీలం డ్రమ్ముల నిండా ఊక కూరి, పైన ఇసక, అడుగున గులకరాళ్ళు వేసింది. హెడ్మాస్టరు చంద్రరావు గారు దగ్గరుండి కుళాయి పెట్టించారు. చలికాలమంతా ఆమె వారం వారం వచ్చి నీళ్ళు పరీక్ష చేసింది. బోరులో రంగు పెరుగుతూనే ఉంది, డ్రమ్ము దాటి వచ్చిన నీళ్ళు మాత్రం గాజులా ఉన్నాయి. క్యాన్లు కొనేవాళ్ళు కూడా మానేశారు. డ్రమ్ముల నీళ్ళు తియ్యగా ఉంటాయని పక్క వీధివాళ్ళూ బిందెలతో వచ్చేవారు.

వేసవి మొదట్లో కాలేజీలో పరీక్షలొచ్చాయి. హెలెన్‌కి వేరే ఊళ్ళో డ్యూటీ వేశారు. రెండు వారాలు గోగులవారిపాలెం వెళ్ళలేకపోయింది. అంతా బాగానే ఉందిగదా అనుకుంది.

డ్యూటీ అయిపోయిన మర్నాటి ఉదయం, సుకుమార్ బడికి వెళ్ళిపోయాడు. హెలెన్ కాలేజీకి తయారవుతోంది. వంటింట్లో ఏసమ్మ విసుక్కుంటోంది.

"ఎంతసేపు పెట్టినా ఈ పప్పు ఉడికి చావట్లేదమ్మాయ్. కాలవ కట్టేశారుగా, బోరు ఉప్పెక్కిపోయింది."

జడ వేసుకుంటున్న హెలెన్ చేతులు ఆగిపోయాయి.

ల్యాబులో ఊక క్రోమియంతో నిండిపోతే దాన్ని మళ్ళీ పనికొచ్చేలా చెయ్యడానికి ఆమె వాడేది ఉప్పునీళ్ళే. ఉప్పు తగిలితే ఊక అంతదాకా పట్టుకున్న క్రోమియాన్ని వదిలేసి ఉప్పుని పట్టుకుంటుంది. తన చేత్తో ఎన్నిసార్లు కడిగిందో లెక్కలేదు. గోదావరి కాలువలు వేసవిలో కట్టేస్తారనీ, కట్టేస్తే బోర్లలో ఉప్పు పైకొస్తుందనీ బిందె ఎత్తడం వచ్చిన వయసు నుంచీ తెలుసు. తెలిసింది ఒకచోటా, చదివింది ఒకచోటా ఉండిపోయాయి. రెండూ ఇప్పుడు ఒక్కసారిగా కలిశాయి. చలికాలమంతా డ్రమ్ములు పట్టి దాచిన విషం ఇవాళ, బహుశా నిన్నటి నుంచే, కుళాయిలోంచి తిరిగి వస్తూ ఉంటుంది.

చంద్రరావు గారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. బడి వేళల్లో ఆయన ఫోన్ బీరువాలో పెట్టేస్తారు. అప్పాయమ్మకి చేసింది. స్విచాఫ్. పరీక్ష మందుల సంచి భుజాన వేసుకుని స్కూటర్ తీసింది. కాలేజీకి చెప్పాలన్న ధ్యాస కూడా లేదు.

దారి పొడుగునా కాలువ ఎండి ఉంది. మిగిలిన మడుగుల్లో జనం మోకాళ్ళదాకా దిగి చేపలు పట్టుకుంటున్నారు. ఒంటిపూట బళ్ళు. పిల్లలు బడి వదిలాక అన్నాలు తిని ఇళ్ళకి పోతారు. వంట ఎప్పుడు పూర్తవుతుందో హెలెన్‌కి తెలుసు. ట్రాక్టరు ఒకటి అడ్డం వస్తే పక్కకి తప్పుకునే ఓపిక లేక పొలం గట్టు ఎక్కించింది. అదుపు తప్పబోయి నిలదొక్కుకుంది.

బడి గేటు దగ్గర స్కూటర్ పడేసి నేరుగా డ్రమ్ముల దగ్గరికి పోయింది. ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు పట్టుకుంటున్నారు. కుళాయి కట్టేసి, తడి వేలు నాలిక్కి తాకించుకుంది. ఉప్పన. గొట్టాలు రెండు తీసింది. ఒకదాంట్లో బోరు నుంచి తిన్నగా వచ్చే నీళ్ళు, రెండోదాంట్లో డ్రమ్ము దాటి వచ్చిన నీళ్ళు. రెంటిలోనూ యాసిడ్ చుక్క, మందు చుక్క. తొందరలో మందు కొంత వేళ్ళ మీద పడింది.

బోరు నీళ్ళు ఎప్పటిలాగే గులాబీ రంగుకి తిరిగాయి. డ్రమ్ము నీళ్ళు నేరేడు పండు పిండినట్టు నల్లటి ఊదా అయ్యాయి.

అలికిడికి అప్పాయమ్మ గరిటె పట్టుకుని వంటషెడ్డులోంచి బయటికొచ్చింది. ఆవిడకి ఆ రంగు ఏంటో తెలుసు. చలికాలమంతా పక్కనే నిలబడి చూసింది.

"అది బోరు నీళ్ళదా అండి?"

"కాదు అప్పాయమ్మగారూ. ఫిల్టర్ నీళ్ళది."

అప్పాయమ్మ వెనక్కి తిరిగి వంటషెడ్డు వైపు చూసింది. అన్నం వార్చేసి ఉంది. సాంబారు పొయ్యి మీద ఉడుకుతోంది. పిల్లలకి ఇంకా పెట్టలేదు. రెండూ పారబొయ్యాలని హెలెన్ చెప్పింది. నిన్నా మొన్నా కూడా ఈ నీళ్ళతోనే వండిందని ఇద్దరికీ అప్పుడే తట్టింది. అప్పాయమ్మ గరిటె కింద పెట్టి, చంద్రరావు గారిని పిలుచుకురావడానికి వెళ్ళింది.

చంద్రరావు గారు వచ్చి గొట్టం చూసి, పిల్లల్ని కుళాయి దగ్గరికి పోనివ్వొద్దని టీచర్లకి చెప్పారు. ఆయన మనవరాలు కూడా అదే బడిలో చదువుతోంది. ఎవరు కబురు చేశారో గాని కాసేపటికే జగన్నాథరావు మోటారుసైకిలు మీద వచ్చాడు. హెలెన్ జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన ఆమెని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"ఫిల్టర్ రిపేరని చెప్పేద్దామమ్మా. తాళం వేయించేస్తాను, సాయంత్రానికి ట్యాంకరు తెప్పిస్తాను. విషం గిషం అన్నారంటే ఊరు ఊరంతా గగ్గోలెత్తిపోద్ది. మీ ఉద్యోగానికీ మంచిది కాదు."

ఆ మాటలో బెదిరింపు ఉంది, నిజం కూడా ఉంది. కాలేజీవాళ్ళు ఆమెని వెనకేసుకురారు. కట్టింది ఆమె, పూచీ పడ్డది ఆమె. రిపేరని చెబితే ఎవరూ ఏమీ అనరు. హెలెన్ ఒక్క క్షణం పేట వైపు చూసింది. ప్రతి గుమ్మంలోనూ మూతపెట్టిన బిందెలు వరసగా ఉన్నాయి. పొద్దున పట్టినవే.

"రిపేరంటే ఇళ్ళల్లో పట్టిపెట్టుకున్నవి తాగుతారండి. ఎండాకాలం ఒక్క చెంబుడు కూడా పారబొయ్యరు. విషమంటేనే పారబోస్తారు."

జగన్నాథరావు ఇంకేదో అనబోయాడు. ఆమె అప్పటికే చర్చి వైపు నడుస్తోంది. పేట మొదట్లోనే చర్చి. పాస్టరుగారు ఊళ్ళో లేరు. ఆయన భార్య తాళం తీసి మైకు పెట్టింది. లోపల పేట పిల్లలు ఈస్టరు ముందు మట్టల ఆదివారం పట్టుకొచ్చిన కొబ్బరి మట్టలు ఇంకా గోడకి చేరవేసి ఉన్నాయి. హెలెన్ మైకు ముందు నిలబడింది. క్లాసులో ఎంతమందికి పాఠం చెప్పిందో. తండ్రి బతికుండగా ఇలాంటి చర్చిలో చిన్నపిల్లగా వాక్యాలు కూడా అప్పజెప్పింది. ఇప్పుడు మైకు నోటి దగ్గరికి లాక్కుని ముందు తన పేరు చెప్పింది.

"నేను హెలెన్‌ని. బడి దగ్గర ఫిల్టర్ కట్టింది నేనే. ఆ నీళ్ళలో విషం వస్తోంది. తాగొద్దు, వండొద్దు, పిల్లలకి పట్టొద్దు. పట్టిపెట్టుకున్నవి పారబొయ్యండి. వండినవి తినొద్దు. తప్పు బోరుది కాదు, నాది."

ఎక్కడో ఒక బిందె ఒంపిన శబ్దం, దాని వెనకే ఇంకొకటి. ఆమె బయటికి వచ్చేసరికి మండుటెండలో వీధి మధ్యనుంచి నీళ్ళు పారుతున్నాయి. అంత దాహపు రోజుల్లో అన్ని నీళ్ళు మట్టిలో కలిసిపోతుంటే చూడటం కష్టంగా ఉంది. ఎవరూ ఆమెని తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

పిల్లాణ్ణి చంకనెత్తుకున్న ఒక చిన్న వయసు తల్లి అడ్డంగా నిలబడింది. వాడికి ఈ నీళ్ళతోనే పాలు కలుపుతున్నానని, వాడికేమవుద్దో చెప్పమని అడిగింది.

"కొద్దిరోజులేగనక ఏమీ కాకపోవచ్చమ్మా. కాదని మాత్రం నేను ఒట్టేసి చెప్పలేను. రేపే రక్తపరీక్షలు చేయిస్తాను. దగ్గరుండి తీసుకెళ్తాను."

ఆ పిల్ల తలూపింది గాని దారి వదల్లేదు. హెలెన్ సంచిలోంచి కాగితం తీసి ముందు వాడి పేరు రాసుకుంది.

బడి దగ్గరికి తిరిగొచ్చేసరికి అప్పాయమ్మ గుండిగెలు ఒంపేసి కడుగుతోంది, బోరు నీళ్ళు కాకుండా ఎవరో ఇచ్చిన క్యాను నీళ్ళతో. పిల్లలు వరండాలో ఖాళీ పళ్ళాలతో కూర్చుని ఉన్నారు. చంద్రరావు గారు ఊళ్ళోకి పంపి అటుకులూ అరటిపళ్ళూ తెప్పించారు. హెలెన్ సాయం పట్టబోతే అప్పాయమ్మ గుండిగె తన వైపు లాక్కుంది.

"నా చేత్తో పెట్టించారు కదండీ" అంది.

మర్నాడు సుకుమార్ సెలవు పెట్టాడు. భార్యాభర్తలిద్దరూ పిల్లల్ని బస్సులో జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఫలితాలు రావడానికి పట్టిన రోజుల్లో హెలెన్ సరిగా తినలేదు. ఏసమ్మ ప్రార్థన చేస్తూ కూర్చునేది. కూతురు పక్కన మోకరించేది గాని ఏమని అడగాలో తెలిసేది కాదు. చివరికి డాక్టరుగారు ఫోన్ చేసి, ఎవరిలోనూ భయపడాల్సినంత లేదని, ఏడాది పాటు అప్పుడప్పుడూ చూపించమని చెప్పారు. ఆ మాట విన్నాక ఆమె ఫోన్ పట్టుకునే గుమ్మంలో కూర్చుండిపోయింది.

మైకులో చెప్పిన మాట ఇక ఊళ్ళో దాగలేదు. పేపరువాళ్ళు వచ్చారు, అధికారులు వచ్చారు, షెడ్డు గుంట ఫొటోలు తీశారు. జగన్నాథరావు మొదట్లో హెలెన్ మీద మండిపడ్డాడు. అంతా ఆవిడ డ్రమ్ముల వల్లే అన్నాడు. తర్వాత ఆయన కొబ్బరితోటలో బోరుకి కూడా పరీక్ష చేస్తే ఊదారంగు కనపడింది. గుంట మట్టి తవ్వి లారీల్లో తరలించేటప్పుడు ఆయనే అక్కడ నిలబడి చేయించాడు. ఎండలు తగ్గేలోపే పంచాయతీ చెరువు నుంచి పేటకి గొట్టం పడింది. కాలేజీ యాజమాన్యం హెలెన్‌కి మెమో ఇచ్చింది. ల్యాబు బాధ్యత తీసేసి, చెప్పకుండా ఊళ్ళమ్మట తిరగొద్దంది. ఆమె దాన్ని చదివి సంతకం పెట్టింది.

అప్పాయమ్మ చాలాకాలం కూటమిలో ఆమెకి దూరంగా కూర్చునేది. ఒకరోజు కూటమి అయ్యాక దగ్గరికొచ్చి, కొత్త కుళాయి నీళ్ళు కూడా ఒకసారి చూసి పెట్టమంది. ఆ వారమే హెలెన్ వెళ్ళి చూసింది. బాగున్నాయని చెప్పింది. ఉప్పు ఎంత ఉందో, ఏ నెలలో మళ్ళీ చూడాలో కూడా చెప్పింది.

ఆ ఏడాదంతా సాయంత్రాలు ఆమె ఒకే పని చేసింది. ఎంత ఉప్పుకి ఊక ఎంత వదిలేస్తుందో కొలిచింది. కొలిచిన కొద్దీ భయం వేసేది. అయినా ఆపలేదు. డ్రమ్ములు ఎలా పనిచేశాయో కాకుండా ఎలా చెడిపోయాయో ఒక చిన్న వ్యాసంగా రాసింది. ఊరి పేరు మార్చింది, తన పేరు మార్చలేదు. అలాంటి వ్యాసాన్ని ఎవరు వేసుకుంటారని తోటి లెక్చరర్లు అన్నారు. చివరికి ఒక పత్రిక వేసుకుంది.

దాన్ని చదివి కృష్ణా నది సముద్రంలో కలిసే చోటు నుంచి ఒకామె ఫోన్ చేసింది. పేరు దుర్గాశ్రీ. స్వచ్ఛంద సంస్థలో ఇంజనీరు. తమ ఊళ్ళోనూ ఊక డ్రమ్ములు సిద్ధం చేశామని, వచ్చే వారమే ప్రారంభమని, ఉప్పు కొంచెం ఉన్నా తమ నీళ్ళకి పనికొస్తాయేమో చెప్పమని అడిగింది. ఆహ్వానాలు కూడా పంచేశామంది.

"పెట్టకండి" అంది హెలెన్. "ఉప్పు పెరిగిన రోజున పట్టుకున్నదంతా ఒక్కసారి వదిలేస్తుంది. మా దగ్గర వదిలింది. పిల్లలు తాగారు."

ఆ డ్రమ్ములు ఎవరు కట్టారని దుర్గాశ్రీ అడిగింది.

"నేనేనండి" అంది హెలెన్. కాలేజీలో గంట మోగుతున్నా కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్ళ బోరు ఎంత లోతో, చుట్టూ ఉప్పునీళ్ళ చేపల చెరువులు ఎన్ని ఉన్నాయో, వేసవిలో కాలువ ఎప్పుడు ఆగుతుందో ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.